కంప్యూటరు డ్రైవును కుదించుట

కంప్యూటరునందలి డ్రైవు నిండిపోయినప్పుడు మనలో ననేకులు రెండే మార్గములు కలవని తలంతురు. మొదటిది పాత ఫైళ్లను తుడిచివేయుట. రెండవది క్రొత్త డ్రైవును కొనుట. మొదటిదానివలన మరల దొరకని పత్రములు నశింపవచ్చును. రెండవది ధనముతో గూడిన పని. ఈ రెంటికిని నడుమ మూడవ మార్గ మొకటి కలదు. అదియే డ్రైవును కుదించుట. దాని ప్రయోజనమును, పరిమితిని ఎరుగక యుపయోగించినచో చిక్కులు కలుగును గనుక నిచ్చట సంగ్రహముగా వివరించెదను.

కుదించుట యనగా నేమి? పూర్వము కరణములు దస్తావేజునందు గ్రామము, తాలూకా, సర్వే నంబరు ఒకసారి పూర్తిగా వ్రాసి, పిమ్మట "సదరు భూమి" యని మాత్రమే వ్రాసెడివారు. చదువువాడు వెనుకకు జూచి యంతయు గ్రహించును. అర్థమున కేమియు లోపము రాదు, కాగితము మిగులును. కంప్యూటరును ఇట్లే చేయును. ఒకసారి వచ్చిన యక్షరముల వరుస మరల వచ్చినచో, దానిని తిరిగి వ్రాయక, "ఇన్ని స్థానములు వెనుకకు పోయి, ఇన్ని యక్షరములు గైకొనుము" అను చిన్న గుర్తును వ్రాయును. ఈ విధానమును జేకబ్ జివ్, అబ్రహాం లెంపెల్ అను నిరువురు పండితులు 1977లో ప్రకటించిరి.

తెలుగు వ్రాతకు దీనివలన మంచి లాభము కలదు. యు.టి.ఎఫ్.-8 అను పద్ధతిలో ఇంగ్లీషు అక్షరమునకు ఒక బైటు చాలును. తెలుగు సంకేతమునకు మూడు బైట్లు కావలెను. "అమ్మ" యను చిన్న మాటకే 12 బైట్లు పట్టును. అయితే ఆ మూడింటిలో మొదటి బైటు తెలుగు సంకేతముల కన్నిటికిని ఒక్కటే. పునరుక్తి యెంత యధికమో కుదింపు అంత యధికము.

ఫొటోలు, పాటలు, చలనచిత్రములు ఇట్లు కుదియవు. జె.పి.జి., ఎం.పి.3 ఫైళ్లు పుట్టినప్పుడే కుదింపబడినవి. పిండిన చెరకును మరల గానుగలో పెట్టిన రసము రాదు గదా! కావున డ్రైవునిండ ఫొటోలే యున్నచో ఈ యుపాయము నిష్ఫలము.

1993లో ఎం.ఎస్.-డాస్ 6.0తో వచ్చిన డబుల్‌స్పేస్ డ్రైవునంతయు ఒకే పెద్ద ఫైలుగా మార్చెడిది. ఆ ఫైలు చెడినచో సర్వమునకు ముప్పు. 1995 నాటి విండోస్ ఎన్.టి. 3.51 నుండి ఎన్.టి.ఎఫ్.ఎస్. పద్ధతిలో ప్రతి ఫైలును విడిగా, సాధారణముగా 64 కిలోబైట్ల ఖండములుగా కుదించుట సాధ్యమైనది. డ్రైవు గుర్తుపై మౌసు కుడి మీటను నొక్కి, ప్రాపర్టీస్ తెరచినచో, స్థలము మిగుల్చుటకై కుదింపుమను గడి కనబడును. దానిపై గురుతు పెట్టవలెను.

నాలుగు జాగ్రత్తలు గమనింపుడు. మొదట ముఖ్యమైన ఫైళ్లకు వేరొక చోట నకలు తీయవలెను. కుదింపు నకలు కాదు, డ్రైవు చెడినచో కుదించినవియు పోవును. రెండవది, విండోస్ ఉన్న డ్రైవును సమూలముగా కుదింపరాదు; ప్రారంభ ఫైలు కుదిసినచో యంత్రము మేల్కొననే మేల్కొనదు. మూడవది, నిత్యము మారు పెద్ద ఫైళ్లను కుదించినచో పని మందగించును. అరుదుగా తెరచు పాత పాఠములు, లెక్కల పట్టికలే యిందుకు తగినవి. నాలుగవది, మిగిలిన స్థలమును వెంటనే నింపరాదు. కుదింపును విప్పవలసి వచ్చినప్పుడు చోటు లేక పని నిలిచిపోవును.

తల్లిదండ్రులకు ఒక మనవి. ఇంటనున్న ఒక్క పాత కంప్యూటరుతోనే పిల్లలు చదువుకొనుచుండవచ్చును. స్థలము చాలదని వారి వ్రాతలను తుడిచివేయుటకు ముందు, ఏ ఫైలు ఎంత చోటు పట్టుచున్నదో వారితో కూర్చుండి చూడుడు. పనికిరానిది తీసివేసి, మారనిదానిని కుదించి, ప్రియమైనదానికి నకలు తీసినచో, కొంతకాలము క్రొత్త ఖర్చు లేకయే చదువు సాగును.