పికప్ పోయిన కాంటెస్సా: పెట్రోలు ఎక్కడ ఆగింది?

సదాశివపేట దాటాక ముంబై హైవే కొంచెం ఖాళీ అవుతుంది. అక్కడి నుంచి జహీరాబాద్ దాకా నేల మెల్లగా పైకి లేస్తూ పోతుంది. మే నెల మధ్యాహ్నం ఆ దారిలో ఒక పాత కాంటెస్సా వెళ్తోందనుకోండి. ఊళ్లో ఏ ఇబ్బందీ పెట్టని బండి. ముందున్న లారీని దాటుదామని ఎక్సిలేటర్ పూర్తిగా తొక్కితే మొదట జోరుగానే లాగుతుంది. అర నిమిషం గడిచేసరికి జర్కులు మొదలవుతాయి, ఇంజన్ మిస్సింగ్ కొడుతుంది, లారీ పక్కనే బండి నీరసపడిపోతుంది. కాలు తీస్తే తేరుకుంటుంది. మళ్లీ తొక్కితే మళ్లీ అంతే.

ఈ లక్షణం చెప్పగానే చాలా షెడ్లలో వినిపించే మాట ఒకటే: "కార్బరేటర్ విప్పి సర్వీసింగ్ చేద్దాం." విప్పుతారు, జెట్లు ఊదుతారు, కొత్త కిట్ వేస్తారు. వారం తర్వాత అదే రోడ్డు మీద అదే జర్కు. నా అభిప్రాయంలో ఈ జబ్బుకు కార్బరేటర్‌ను అన్నిటికంటే చివర ముట్టుకోవాలి. ఎందుకో ఆ అర నిమిషమే చెబుతుంది.

బండి సంగతి ముందు కొంచెం. బ్రిటన్‌లోని వాక్స్‌హాల్ కంపెనీ వీఎక్స్ కారు ఆధారంగా హిందుస్థాన్ మోటార్స్ 1984లో కాంటెస్సాను తెచ్చింది. మొదట్లో దాని బానెట్ కింద ఉన్నది అంబాసిడర్ ఇంజనే: ఒకటిన్నర లీటర్లు, దాదాపు 50 హార్స్‌పవర్. అంత పెద్ద ఒంటికి ఆ బలం చాలలేదు. తర్వాత జపాన్ ఇసుజు కంపెనీ 1.8 లీటర్ల పెట్రోలు ఇంజన్, అయిదు గేర్లు వచ్చాక బలం సుమారు 85 హార్స్‌పవర్‌కు చేరింది. అప్పటి మన రోడ్ల మీద అది నిజంగా వేగమైన కారు. 2002లో తయారీ ఆగింది. ఇప్పుడు వాటిని వెతికి కొని, రంగు వేయించి, ఆదివారం పొద్దున హైవే ఎక్కించే కుర్రాళ్లు హైదరాబాద్‌లో చాలామందే ఉన్నారు. వాళ్లకు జహీరాబాద్, అక్కడి నుంచి బీదర్ చక్కటి దూరం. ఆల్విన్ నిస్సాన్ లారీలతో మొదలై మహీంద్రా దాకా వాహనాలు తయారు చేస్తూ వచ్చిన ఊరు జహీరాబాద్. చుట్టుపక్కల చెరకు కూడా బాగా పండుతుంది. ఆ చెరకుతోనూ మన కథకు పని ఉంది.

కార్బరేటర్ లోపల ఇంజన్ పీల్చే గాలి ఒక ఇరుకు గొంతులోంచి పోతుంది. ఇరుకు దగ్గర గాలి వేగం పెరుగుతుంది, పీడనం తగ్గుతుంది. ఇటలీ శాస్త్రవేత్త వెంచురి 1797లో ప్రచురించిన పరిశీలన ఇదే. ఆ తగ్గిన పీడనమే జెట్టు అనే సన్నటి ఇత్తడి రంధ్రం గుండా పెట్రోలును పైకి లాగి గాలిలో తుంపరలుగా కలుపుతుంది. జెట్టుకు పెట్రోలు అందేది పక్కనే ఉన్న చిన్న డబ్బా నుంచి. దాన్నే ఫ్లోట్ చాంబర్ అంటారు. మేడ మీది నీళ్ల ట్యాంకులో బాల్ ఏం చేస్తుందో ఇందులో ఫ్లోట్ అదే చేస్తుంది: మట్టం పెరిగితే లేచి నీడిల్‌తో దారి మూస్తుంది, తగ్గితే దిగి తెరుస్తుంది.

ఈ డబ్బాలో పట్టేది బండిని బట్టి 50 నుంచి 100 మిల్లీలీటర్లు, అంటే టీ గ్లాసుకు అటూ ఇటూ. వెనక ట్యాంకులో ఎన్ని లీటర్లున్నా ఇంజన్‌కు ఏ క్షణాన అయినా అందుబాటులో ఉండేది అంతే.

ఇప్పుడు లెక్క చూద్దాం. మంచి పెట్రోలు ఇంజన్ పూర్తి బలంతో లాగేటప్పుడు ఒక్కో హార్స్‌పవర్‌కు గంటకు సుమారు 225 గ్రాముల పెట్రోలు తాగుతుంది. 85 హార్స్‌పవర్‌కు గంటకు 19 కిలోలు, అంటే దాదాపు 26 లీటర్లు. నిమిషానికి 430 మిల్లీలీటర్లు, సెకనుకు ఏడు. అదే బండి గంటకు 60 కిలోమీటర్ల వేగంతో, లీటరుకు 12 కిలోమీటర్లు ఇస్తూ పోతుంటే నిమిషానికి 83 మిల్లీలీటర్లు చాలు. అయిదు రెట్లకు పైగా తేడా. సగం పూడిపోయిన ఫిల్టర్ 83 మిల్లీలీటర్లను సునాయాసంగా పంపిస్తుంది కాబట్టి ఊళ్లో తిరిగినన్నాళ్లూ జబ్బు బయటపడదు. బయటపడేది పూర్తిగా తొక్కినప్పుడే.

డబ్బాలో 70 మిల్లీలీటర్లు ఉన్నాయనుకుందాం. ట్యాంకు నుంచి పెట్రోలు తోడే పంపు నుంచి చుక్క కూడా రాకపోతే అవి పది సెకన్లలో అయిపోతాయి. నిమిషానికి 300 వస్తూ ఉంటే లోటు 130, అంటే సెకనుకు రెండుకు కాస్త ఎక్కువ. అప్పుడు డబ్బా అర నిమిషానికి పైగా నిలుస్తుంది. మన కాంటెస్సా జర్కు సరిగ్గా అక్కడే మొదలైంది. తొక్కిన మరుక్షణమే ఇంజన్ తడబడితే లోపం ఎక్సిలేటర్ పంపులోనో జెట్టులోనో ఉంటుంది. అది కార్బరేటర్ సొంత జబ్బు. కాసేపు బాగా లాగి తర్వాత చచ్చుపడితే డబ్బాలోకి రావలసినంత రావడం లేదు. పక్క సీట్లో ఉన్నవాళ్లను సెకన్లు లెక్కపెట్టమనండి. డబ్బాకు ముందు వెతకాలా, వెనక వెతకాలా అన్నది ఆ అంకెతో చాలావరకు తేలిపోతుంది.

వేడెక్కిన ఇగ్నిషన్ కాయిల్ కూడా ఇలాగే మోసం చేస్తుంది. అనుమానం తీరడానికి రోడ్డు పక్కనే చేయగల పరీక్ష ఉంది. బండి ఆగిపోయిన వెంటనే కీ తీసేసి, ఎయిర్ ఫిల్టర్ మూత విప్పి, కార్బరేటర్ గొంతులోకి చూస్తూ ఎక్సిలేటర్ లింకును చేత్తో ఒక్కసారి లాగండి. గొంతులో సన్నటి పెట్రోలు ధార పిచికారీలా చిమ్మిందా, డబ్బాలో పెట్రోలు ఉన్నట్టే; కాయిల్, కండెన్సర్ వైపు వెళ్లండి. పొడిగా ఉండి, ఉత్త గాలి చప్పుడే వచ్చిందా, డబ్బా ఖాళీ. ఇది ఆగిన నిమిషంలోపే చేయాలి. బండి చల్లారాక చేస్తే ఈ పరీక్ష అసలు కారణాన్ని పట్టివ్వదు.

డబ్బా ఖాళీ అని తేలితే పెట్రోలు వచ్చే దారిలో వెనక్కి నడవడమే. ముందు ట్యాంకు మూత. పెట్రోలు తగ్గిన కొద్దీ ఆ చోటును నింపడానికి బయటి గాలి లోపలికి రావాలి. పాత మూతలో అందుకు చిన్న రంధ్రం ఉంటుంది. దుమ్ముతో అది మూసుకుపోయినా, దొంగల భయంతో రంధ్రం లేని తాళం మూత పెట్టినా ట్యాంకులో పీడనం పడిపోయి పంపు లాగలేకపోతుంది. జర్కు కొట్టిన వెంటనే మూత తిప్పితే గాలి సుయ్యిమని లోపలికి పోవడం వినపడుతుంది. పైసా ఖర్చు లేని మరమ్మతు కనుక ముందు దీన్నే చూడాలి.

తర్వాత పంపు. మన మెకానిక్కులు ఏసీ పంపు అని పిలిచే ఈ యంత్రాన్ని తయారు చేసినవాళ్ల తెలివికి దండం పెట్టాలి. ఇంజన్‌లోని క్యామ్ షాఫ్ట్ ఒక మీటను ఊపుతుంది. మీట రబ్బరు డయాఫ్రంను కిందికి లాగుతుంది. ట్యాంకు నుంచి పెట్రోలు వస్తుంది. ఆ పెట్రోలును కార్బరేటర్ వైపు నెట్టేది మాత్రం క్యామ్ కాదు, కింద ఉన్న స్ప్రింగ్. డబ్బా నిండి నీడిల్ మూసుకుంటే స్ప్రింగ్ నెట్టలేక డయాఫ్రం కిందే ఉండిపోతుంది, మీట ఖాళీగా ఊగుతుంటుంది. ఇంజన్ ఎంత వేగంగా తిరిగినా పీడనం పెరగదు. స్ప్రింగ్ బలమెంతో అంతే, చదరపు అంగుళానికి మూడు నుంచి అయిదు పౌండ్లు. ఫ్లోటు, నీడిల్ ఓర్చుకోగలిగేది కూడా అంతే.

పంపును కొలవడానికి కావలసినవి కొలత గీతలున్న సీసా, గడియారం. ఇంజన్ పూర్తిగా చల్లారాక, ఆరుబయట, చేతిలో మంటలార్పే సిలిండర్ పెట్టుకుని చేయాల్సిన పని ఇది. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు, నేల మీద పాకుతుంది. దగ్గర్లో బీడీ కూడా వెలగకూడదు. కాయిల్ వైరు తీసి, కార్బరేటర్‌కు వచ్చే హోస్‌ను సీసాలోకి పెట్టి, స్టార్టర్ తిప్పి చూడాలి. అరలీటరు ఒక నిమిషంలోపే నిండితే పంపు ఆరోగ్యంగా ఉంది. నిండకపోతే పంపును నిందించే ముందు ఇంకొక్క పని: పంపు లోపలికి లాగే హోస్‌ను ట్యాంకు లైను నుంచి తప్పించి, పక్కనే పెట్టిన క్యాన్‌లోని శుభ్రమైన పెట్రోలులో ముంచండి. ఇప్పుడు ధార జోరందుకుంటే పంపు నిర్దోషి. ట్యాంకు నుంచి పంపు దాకా ఉన్న దారిలోనే అడ్డు ఉంది. ధార అప్పటికీ సన్నగానే ఉంటే డయాఫ్రం మార్చండి.

ఆ దారిలో ఉండేవి తుప్పు పట్టిన ట్యాంకు, దాని అడుగున జాలీ, ఫిల్టర్, రెండు మూడు రబ్బరు ముక్కలు. ట్యాంకు పక్కన, బాడీ కింద దాగిన చిన్న హోస్ ముక్క మీద నాకెప్పుడూ అనుమానం ఎక్కువ. అది పీల్చే వైపు ఉంటుంది కాబట్టి పగిలినా, బండి నడుస్తున్నప్పుడు పెట్రోలు బయటికి కారదు, గాలి లోపలికి దూరుతుంది. కింద తడి కనపడదు, ఎవరికీ సందేహం రాదు. పంపుకు ముందు జానెడు పారదర్శకమైన పెట్రోలు పైపును తాత్కాలికంగా తొడిగి చూస్తే బుడగలు బారులు తీరి వస్తుంటాయి.

ఇక ఎండ. పెట్రోలు ఒకే ద్రవం కాదు, ఎన్నో ద్రవాల మిశ్రమం. అందులోని తేలిక భాగాలు 35, 40 డిగ్రీలకే ఆవిరి కావడం మొదలుపెడతాయి. 38 డిగ్రీల దగ్గర దాని ఆవిరి పీడనం వాతావరణ పీడనంలో సగం దాటి ఉంటుంది. మరో 20 డిగ్రీలు పెరిగితే దాదాపు సమానమవుతుంది. పంపు లాగే వైపు పీడనం ఎలాగూ తక్కువ, అక్కడ మరిగిపోవడం ఇంకా సులువు. పంపు ద్రవాన్ని తోయడానికి పుట్టింది. ఆవిరి దాని చేతిలో నలిగి వ్యాకోచిస్తుందే తప్ప ముందుకు కదలదు. దీన్నే వేపర్ లాక్ అంటారు. పాత అంబాసిడర్ టాక్సీవాళ్లు వేసవిలో ఏసీ పంపు మీద తడిగుడ్డ చుట్టేవారు. దక్కను వేసవి గాలి పొడిగా ఉంటుంది కనుక గుడ్డలోని నీరు త్వరగా ఆవిరై పంపును నిజంగానే చల్లబరుస్తుంది. అది శాస్త్రీయమైన వైద్యం, కాకపోతే మళ్లీ మళ్లీ చేస్తుండాలి. శాశ్వతంగా కావాలంటే పెట్రోలు లైనును సైలెన్సర్ మానిఫోల్డ్‌కు దూరంగా జరిపి, కార్బరేటర్ కింద వేడి ఎక్కనివ్వని మందపాటి బేకలైట్ దిమ్మ వేసి, మిగిలిన పెట్రోలు ట్యాంకుకు తిరిగి వెళ్లే లైను పెట్టించాలి. పెట్రోలు ఆగకుండా తిరుగుతుంటే వేడెక్కే తీరిక దానికి ఉండదు.

టీ తాగి వచ్చేసరికి స్టార్ట్ కాని బండిది దీనికి తలకిందుల కథ. ఇంజన్ ఆపగానే గాలి ఆగి, బానెట్ కింద వేడి పెరుగుతుంది. డబ్బాలోని పెట్రోలు మరిగి గొంతులోంచి మానిఫోల్డ్‌లోకి పొంగిపోతుంది. అప్పుడు ఉన్నది లోటు కాదు, వరద. ఎక్సిలేటర్‌ను పదేపదే కొట్టకుండా, పూర్తిగా అదిమి పట్టి స్టార్టర్ తిప్పితే లోపలికి గాలి ఎక్కువ పోయి ఇంజన్ అందుకుంటుంది.

వీటన్నిటికీ ఒకే మందు అని చెప్పి ఎలక్ట్రిక్ పంపు బిగిస్తుంటారు. ఇంజెక్షన్ కారు పంపు చదరపు అంగుళానికి 40 పౌండ్ల పీడనంతో తోస్తుంది. నీడిల్ ఆగదు, డబ్బా పొంగి వేడి ఇంజన్ మీద పెట్రోలు కారుతుంది. కార్లు ఇలాగే కాలిపోతాయి. పెట్టాలనుకుంటే తక్కువ పీడనం పంపునే, ట్యాంకు దగ్గర, ఇంజన్ ఆగగానే తానూ ఆగిపోయే రిలేతో పెట్టాలి.

చెరకు దగ్గరికి వచ్చాం. చెరకు నుంచి కూడా తీసే ఇథనాల్ 20 శాతం కలిసిన ఇ20 పెట్రోలు 2023 ఫిబ్రవరి నుంచి బంకుల్లోకి వచ్చింది; 2030కి పెట్టుకున్న లక్ష్యం 2025కే ముందుకు జరిగింది. రైతుకు మేలు జరగడం మంచిదే. కానీ ఈ కార్లు పుట్టినప్పుడు ఆ ఇంధనం లేదు. ఇథనాల్ పాత రబ్బరును ఉబ్బించి మెత్తబరుస్తుంది. హోస్ లోపొర వాచి దారి ఇరుకవుతుంది, పైకి మాత్రం బాగానే కనపడుతుంది. ఏళ్ల తరబడి ట్యాంకు గోడలకు పట్టిన జిగురును కరిగించి ఫిల్టర్‌కు చేరుస్తుంది. గాలిలోని తేమను పీల్చుకుంటుంది కాబట్టి నెలల పాటు షెడ్డులో నిలిపిన బండి ట్యాంకు తొందరగా తుప్పెక్కుతుంది. హోసులు, డయాఫ్రం, నీడిల్ ఇథనాల్‌ను తట్టుకునే రబ్బరువి వేయించుకోవడం తప్పదు.

ఇంకొకటి ఉంది, కంటికి కనపడనిది. ఒక కిలో పెట్రోలు పూర్తిగా కాలాలంటే 14.7 కిలోల గాలి కావాలి. ఇథనాల్‌లో ఆక్సిజన్ ముందే ఉంది, దానికి 9 కిలోలు చాలు. ఇ20కి అది సుమారు 13.6 అవుతుంది. ఇంజెక్షన్ కారులో సెన్సర్ చూసుకుని సరిచేస్తుంది. కార్బరేటర్ జెట్టుకు ఆ తెలివి లేదు. అదే రంధ్రంలోంచి పాత కొలతే పంపుతుంది. మిశ్రమం ఏడెనిమిది శాతం పలచబడుతుంది. పూర్తిగా తొక్కినప్పుడు ఇంజన్ వేడెక్కడం, పికప్ తగ్గడం దీని గుర్తులు. సోలెక్స్, వెబర్ రకాల జెట్ల మీద ఉండే అంకె రంధ్రం వ్యాసాన్ని మిల్లీమీటరులో వందో వంతులలో చెబుతుంది: 110 అంటే 1.10 మిల్లీమీటర్లు. వైశాల్యం ఏడు శాతం పెరగాలంటే వ్యాసం మూడున్నర శాతం పెరిగితే చాలు. 110 తీసి 115 పెట్టడం దాదాపు ఆ కొలతే. తీగతో రంధ్రం పొడిచి పెద్దది చేయడం మాత్రం వద్దు. అంచు చెడిపోతే ప్రవాహం ఎంతో ఇక ఎవరూ చెప్పలేరు.

జెట్టు మార్చాక సీసా, గడియారం మళ్లీ బయటికి తీయండి. ఇంజన్ ఇప్పుడు అడిగేది నిమిషానికి 430 కాదు, 460 మిల్లీలీటర్లు.