గదిలోనే రోడ్డు దాటేద్దాం!

సాయంత్రం వేళ హన్మకొండ చౌరస్తా దాటాలంటే మనకే గుండె దడ. మరి ఆటిజం ఉన్న పాతికేళ్ల యువకుడికో? హారన్ల మోతే భరించలేడు. పైగా చూడటం, ఆగడం, అడుగేయడం... వీటిని వెంటవెంటనే చేయడం ఆటిజం ఉన్న చాలామందికి కష్టం. అందుకే పెద్దయినా అమ్మ చెయ్యి వదలరు.

అలాంటివారికి ఆసరా కాగలదు వర్చువల్ రియాలిటీ. కళ్లకు హెడ్‌సెట్ తగిలిస్తే గదిలోనే రోడ్డు ప్రత్యక్షం! మొదట ఖాళీ రోడ్డు, తర్వాత ఒక్క కారు, ఆపైన హారన్లు... అడుగు తడబడినా దెబ్బ తగలదు. ఎన్నిసార్లయినా మళ్లీ మొదలుపెట్టొచ్చు. అమెరికాలో ఇద్దరు పిల్లలతో చేసిన ఇలాంటి ప్రయోగం వివరాలు 1996లోనే వెలువడ్డాయి.

అయితే హెడ్‌సెట్ బరువు కొందరికి పడదు, కొందరికి తల తిరుగుతుంది. గదిలో నేర్చింది వీధిలో అక్కరకు రావాలంటే, పక్కన ఓ మనిషి ఉండి నిజం రోడ్డు మీదా సాధన చేయించాల్సిందే.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి. శిక్షణ అనగానే మనకు చిన్నపిల్లలే గుర్తొస్తారు. కానీ ఆ పిల్లలే పెద్దవుతారు. అమ్మ చెయ్యి ఎల్లకాలం అందదు. అది అందని రోజు కోసమే ఈ సాధన!