గడప దాటలేని భయం

వ్యాధులలో కొన్ని ఇతరుల కంటికి కనుపిస్తవి. జ్వరం వచ్చినవారి నుదుట చేయి వేస్తే తెలుస్తుంది. కాలు విరిగినవారి కట్టు చూస్తే తెలుస్తుంది. వీధిగుమ్మం దాటబోయేసరికి గుండె దడదడలాడి, కాళ్ళు వణకి, కళ్ళు తిరిగి, మరల గదిలోనికి పోయి తలుపు వేసుకొనేవారి వ్యాధి మాత్రం అట్లా తెలియదు. బంధువులు పిరికితనమంటారు. ఇరుగుపొరుగువారు గర్వమంటారు. ఆ మనిషికి మాత్రం, ఇట్టి అవస్థ లోకంలో తనకొక్కరికే వచ్చినదని తోస్తుంది.

ఆ తలంపు సత్యం కాదు. 1871లో బెర్లిన్ నగరంలో కార్ల్ వెస్ట్‌ఫాల్ అనే వైద్యుడు ఇట్టి రోగులను ముగ్గురిని గురించి వ్రాశాడు. ముగ్గురూ పురుషులే, బుద్ధిలో ఏ లోపమూ లేనివారే. అయినా విశాలమైన కూడలిని గాని, జనసంచారం లేని వీధిని గాని ఒంటరిగా దాటలేకపోయేవారు. తమ భయానికి హేతువు లేదని వారికి తెలుసు. తెలిసినంతమాత్రాన అది పోలేదు. పక్కన ఒకరు తోడు నడిస్తే మాత్రం తగ్గేది. ఈ అవస్థకు వెస్ట్‌ఫాల్ ‘అగోరాఫోబియా’ అని పేరుపెట్టాడు. గ్రీకు భాషలో ‘అగోరా’ అంటే జనులు చేరే అంగడివీధి. ‘ఫోబోస్’ అంటే భయం. పేరు అట్లా ఉన్నా, ఈ భయం అంగళ్ళకే పరిమితం కాదు. బస్సు, రైలు, సినిమాహాలు, తిరునాళ్ళు — ఎక్కడనుండి వెంటనే బయటపడడం కష్టమో, ఎక్కడ ఆదుకొనేవారుండరని తోస్తుందో, అక్కడనెల్లా ఇది తలయెత్తుతుంది.

శరీరంలో జరిగేదేమిటి? భయం కలిగినప్పుడు మూత్రపిండాల పైభాగాన ఉండే అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్ అనే ద్రవ్యాన్ని రక్తంలోనికి విడుస్తవి. గుండె వేగంగా కొట్టుకొంటుంది, కండరాలు బిగుస్తవి, శ్వాస ఎక్కువవుతుంది. అతివేగంగా ఊపిరి తీయడం వలన రక్తంలో బొగ్గుపులుసు వాయువు తగ్గి, తల తిరుగుతుంది. వ్రేళ్ళ చివరలు తిమ్మిరెక్కుతవి. పులి ఎదురైనప్పుడు ఈ సన్నాహమంతా ప్రాణరక్షకమే. పులి లేనిచోట ఇదే జరిగితే మనిషి దానిని గుండెజబ్బని, మరణమని భ్రమపడతాడు. ఆ భ్రమవలన భయం రెట్టింపవుతుంది. మన వేదాంతులు రజ్జుసర్పభ్రాంతిని గురించి చెబుతారు. తాడును చూచి పామనుకొన్నవానికి పాము అబద్ధమే. పట్టిన చెమట మాత్రం నిజం. కనుక ‘నీకేమీ లేదు’ అని కొట్టివేయడం ధర్మం కాదు.

అప్పుడతడు ఇంటికి పరుగెత్తుతాడు. వెంటనే గుండె నిదానిస్తుంది. ఆ హాయిలోనే ఉచ్చు ఉన్నది. ఇల్లు తనను కాపాడినదని మనస్సు పాఠం నేర్చుకొంటుంది. నిజానికి అక్కడే కొంతసేపు నిలిచి ఉన్నా భయం పొంగి, తనంతట తానే తగ్గి ఉండేది. ఆ సంగతి తెలుసుకొనే అవకాశం పరుగువలన పోయింది. ఈనాడు సంత మానినవారు రేపు వీధిమలుపు మానుతారు. ఆపైన అరుగు మానుతారు. స్నేహితుల రాకపోకలు సన్నగిల్లుతవి. సంతోషం కలిగించిన పనులు ఒక్కొక్కటే జారిపోతవి. నిద్ర చెడుతుంది, ఆహారం సహించదు, తానెందుకూ కొరగాననే భావం మనస్సులో స్థిరపడుతుంది. దీనినే వైద్యులు డిప్రెషన్ అంటున్నారు. భయం, దిగులు, ఒంటరితనం ముప్పేట తాడువలె పెనవేసుకొంటవి.

ఈ బహిరంగ భీతి పురుషులలోకంటె స్త్రీలలో అధికంగా కనుపిస్తుంది. మన ఇండ్లలో ఇందువలన ఒక విశేషమైన ప్రమాదం ఉన్నది. గడప దాటని ఇల్లాలిని మనం చిరకాలంగా మెచ్చుకొంటూ వచ్చాము. వెళ్ళడానికి ఇష్టపడని ఇల్లాలు వేరు, వెళ్ళలేని ఇల్లాలు వేరు. ఏండ్ల తరబడి పెండ్లిపేరంటాలకు రాని ఒక పిన్నిగారినో వదినగారినో గురించి ‘ఆమె స్వభావమే అంత’ అనుకొని ఊరకొన్నాము. ఆమె తలుపు చాటున ఎంత పోరాడుతున్నదో ఎవరూ అడుగలేదు.

ఆస్ట్రేలియా దేశపు వైద్యురాలు క్లేర్ వీక్స్ 1962లో ప్రకటించిన గ్రంథంలో ఈ చిక్కును విడదీసి చూపింది. ఆమె చెప్పినదాని సారాంశం ఇది: మొదటి భయం మెరుపువలె దానంతట అది వస్తుంది, దానిని చూచి భయపడడం రెండవ భయం. మొదటిది మన అధీనంలో లేదు. వ్యాధిని పోషించేది రెండవదే. దడ వచ్చినప్పుడు దానితో పెనుగులాడక, పారిపోక, నీటిమీద తేలినట్లు దేహాన్ని సడలించి, కాలం గడవనివ్వాలని ఆమె బోధించింది. ఇల్లు కదలలేనివారికోసం ఆమె తన ప్రసంగాలను రికార్డులలో నింపి పంపింది. రేడియో వినే మనకు ఇది సులభంగా బోధపడుతుంది. మనిషి రాలేనిచోటికి గొంతు వెళ్ళగలదు.

ఈనాటి చికిత్సకు కూడా ఇదే మూలసూత్రం: మెట్టుమెట్టుగా భయానికి ఎదురు నడవడం. మొదట అరుగుమీద కొంతసేపు కూర్చోవాలి. దడ తగ్గినదాకా లేవకూడదు. అది అలవాటైన పిమ్మట పొరుగింటివరకు, ఆపైన వీధి చివరి కొట్టువరకు. మొదట తోడుతో, తరువాత ఒంటరిగా. ఒకనాడు వెనుకంజ పడితే ఓటమి కాదు. మరునాడు క్రింది మెట్టునుండి తిరిగి ప్రారంభించవచ్చు. దిగులు విషయంలోనూ ఇట్లాగే. ఉత్సాహం వచ్చిన తరువాత పని చేద్దామనుకొంటే అది రాదు. స్నానం, భోజనం, నిద్ర వేళకు జరుపుకొంటూ, చిన్నపని ఒకటి చేస్తే, ఉత్సాహం దాని వెనుక మెల్లగా వస్తుంది.

అయితే వైద్యుని సంప్రదించడం అవసరం. థైరాయిడ్ దోషంవలన, రక్తహీనతవలన కూడా ఇట్టి లక్షణాలు కొన్ని కలుగుతవి. దిగులుకు ఇచ్చే మందులు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. గుణం కనుపించలేదనో, కనుపించినదనో వాటిని హఠాత్తుగా మానరాదు. ఆసుపత్రికి కదలలేనివారికి భారత ప్రభుత్వం 2022 అక్టోబరు 10న టెలీ మానస్ అనే సేవను ప్రారంభించింది. 14416 నంబరుకు పగలైనా రాత్రియైనా ఫోను చేసి, రుసుము లేకుండా, తెలుగులోనే మాట్లాడవచ్చు. జీవించి ప్రయోజనం లేదనే మాట రోగి నోట వచ్చినప్పుడు మాత్రం దానిని తేలికగా తీసుకొనరాదు; వారిని ఒంటరిగా విడువక వెంటనే వైద్యసహాయం పొందాలి.

ఇంటివారి కర్తవ్యం స్వల్పమే కాని సులభం కాదు. ‘మనస్సు గట్టి చేసుకో’ అనడం ఉపకారం కాదు. బలవంతంగా జాతరకు లాగుకొనిపోవడం మరింత అపకారం. రోగి చేయవలసిన ప్రతి బయటిపనీ మనమే చేసిపెట్టడం దయవలె కనుపించినా, గోడలను మరింత ఎత్తు చేస్తుంది. ‘ఈ సాయంకాలం వీధి చివరిదాకా నేను కూడా వస్తాను, మధ్యలో నిలబడవలసివస్తే నిలబడదాము’ అనడమే మేలు. వెస్ట్‌ఫాల్ చూచిన రోగులకు పక్కన నడిచే మనిషి ఉంటే భయం తగ్గేది. ఆ తోడును ఇవ్వడానికి వైద్యశాస్త్రం చదువనక్కరలేదు. కొంత ఓపిక, వారి అడుగుతో సమానంగా మన అడుగు వేయగల నిదానం ఉంటే చాలు.