విప్పి మళ్ళీ కట్టిన రోలర్ కోస్టర్

మీలో చాలామంది జాతరలో జెయింట్ వీల్ ఎక్కే ఉంటారు. నేను ఒక్కసారే ఎక్కాను. కళ్ళు గట్టిగా మూసుకున్నాను కాబట్టి పైనుంచి ఏం కనిపిస్తుందో నాకు తెలియదు. మర్నాడు పొద్దున్నే మేము ఊరికి బయల్దేరుతుంటే ఆ వీల్ సగమే ఉంది. పనివాళ్ళు బోల్టులు విప్పి ఇనుప ముక్కలు లారీలో పేరుస్తున్నారు. రాత్రి అంత ఎత్తున తిరిగింది తెల్లారేసరికి లారీలో పట్టేసింది. ఎక్కినదానికంటే అదే నాకు ఎక్కువ ఆశ్చర్యం అనిపించింది.

కానీ జెయింట్ వీల్‌ను విప్పడానికి వీలుగానే తయారు చేస్తారు. ప్రతి జాతరకీ తిప్పాలి కదా. నేను చెప్పబోయేది విప్పాలని ఎవరూ అనుకోకుండా కట్టినది. కర్రతో కట్టినది. దాదాపు కిలోమీటరు పొడవు. దాన్ని విప్పి, లారీల్లో వేసి, దేశం ఆ చివరికి తీసుకుపోయి మళ్ళీ నిలబెట్టారు. ఇది అమెరికాలో జరిగింది.

ముందు రోలర్ కోస్టర్ అంటే ఏమిటో చెప్పాలి. సైన్సు సార్ ఫోనులో వీడియో చూపించేదాకా నాకూ తెలియదు. చిన్న రైలు లాంటి బండి ఉంటుంది. దానికి ఇంజను ఉండదు. మొదట ఒక పొడవాటి గొలుసు దాన్ని కొండలాంటి ఎత్తు మీదికి లాగుతుంది. అప్పుడు టకటకమని చప్పుడు వస్తుంది. బండి కింద ఒక కొక్కెం మెట్టు మెట్టుకీ పడుతూ పోతుంది, ఆ చప్పుడు దానిదే. గొలుసు తెగినా బండి వెనక్కి జారకుండా ఆ కొక్కెం ఆపుతుంది. వీడియోలో ఆ చప్పుడు వింటుంటేనే నాకు కడుపులో ఏదోలా అయింది. చివర దాకా ఎక్కాక గొలుసు వదిలేస్తుంది. ఇక అక్కడినుంచి అంతా బండి బరువే. కిందికి పడుతుంది, ఆ ఊపుతో ఇంకో ఎత్తు ఎక్కుతుంది, మళ్ళీ పడుతుంది. ప్రతి ఎత్తూ మొదటిదానికన్నా కొంచెం తక్కువ ఉండాలి. లేకపోతే ఎక్కలేక మధ్యలోనే ఆగిపోతుంది.

ఇప్పుడు అసలు కథ. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయిన తర్వాత, 1940ల చివర్లో, టెక్సాస్ రాష్ట్రంలోని శాన్ ఆంటోనియో అనే పట్నంలో ప్లేలాండ్ పార్క్ అనే ఆటల పార్కులో ఒక కర్ర కోస్టర్ కట్టారు. పేరు రాకెట్. ఫిలడెల్ఫియా టొబాగన్ కంపెనీ వాళ్ళు కట్టారు, గీసింది హెర్బర్ట్ ష్మెక్ అనే ఆయన. ఎత్తు 78 అడుగులు, అంటే ఏడంతస్తుల మేడంత. పొడవు 3,200 అడుగులు. 1980 లో ఆ పార్కు మూతపడింది. రాకెట్ అక్కడే నిలబడిపోయింది.

కర్రతో కట్టినదాన్ని వాడకుండా వదిలేస్తే ఏమవుతుందో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. మనుషులు లేని ఇల్లు ఎలా పాడవుతుందో చూస్తూనే ఉంటాం. నడిచే కోస్టర్ అయితే రోజూ పొద్దున్నే పనివాళ్ళు పట్టా వెంట నడిచి ఎక్కడ మేకు లేచింది, ఎక్కడ బోల్టు వదులైంది అని చూస్తారు. మూసేసిన చోట ఎవరు నడుస్తారు? బోల్టు వదులైతే దాని రంధ్రం పెద్దదవుతుంది, రంధ్రంలోకి నీళ్ళు పోతాయి, కర్ర లోపలినుంచి మెత్తబడుతుంది. పైకి మాత్రం బాగానే కనిపిస్తుంది.

అదే సమయంలో అక్కడికి చాలా దూరంలో, పెన్సిల్వేనియా రాష్ట్రంలో ఎలిస్‌బర్గ్ దగ్గర కనోబెల్స్ అనే పార్కు వాళ్ళు ఒక పెద్ద కర్ర కోస్టర్ కోసం చూస్తున్నారు. ఆ పార్కు 1926 లో మొదలైంది. ఒక కుటుంబానిది. చెట్ల మధ్య, వాగు పక్కన ఉంటుంది. 1972 లో ఏగ్నెస్ తుపానుకి వరదలో మునిగింది కూడా. వాళ్ళు రాకెట్‌ను కొన్నారు. కొనడం అయితే కొన్నారు కానీ అది శాన్ ఆంటోనియోలో ఉంది, వీళ్ళు ఎలిస్‌బర్గ్‌లో ఉన్నారు. మధ్యలో దూరం రెండున్నర వేల కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. హైదరాబాదులో బయల్దేరితే ఢిల్లీ దాటి కాశ్మీరు దాకా పోవచ్చు.

అసలు ఇబ్బంది దూరం కాదు. దాని నక్షా వాళ్ళ దగ్గర లేదు. ఏ కర్ర ఎంత పొడవు, ఎక్కడ వంపు, ఎక్కడ వాలు అన్నది ఏ కాగితం మీదా లేదు. ఉన్నదల్లా నిలబడి ఉన్న ఆ కోస్టరే. దాన్ని విప్పేస్తే ఆ నక్షా కూడా పోతుంది.

దీనికి చార్లెస్ డిన్ అనే ఆయన పెద్దగా ఉండి పని చేయించాడు. 1985 జనవరిలో విప్పడం మొదలుపెట్టారు. ఒక్కో కర్రనూ తీసేముందు దానికి నంబరు వేసి, ఆ నంబరు ఎక్కడిదో పుస్తకంలో రాసుకుంటూ విప్పారు. ప్రతి కర్రకీ! నాకు ఈ మాట దగ్గర ఆగిపోవాలనిపించింది. ఎందుకో చెప్తాను.

మా ఊరు గోదావరి పక్కన. 2022 జూలైలో భద్రాచలం దగ్గర నీళ్ళు 71 అడుగులు దాటిన వరద మీకందరికీ గుర్తుంది. మా ఇంటి మట్టిగోడలు కరిగిపోయాయి. గుంజలు, దూలాలు, వాసాలు మిగిలాయి. పెంకులు సగం మిగిలాయి. ఇల్లు ఇక్కడ వద్దు, మెరక మీదికి తీసుకుపోదాం అన్నాడు తాత. మా ఇంట్లో చదువు వచ్చింది నాకొక్కదానికే. అప్పుడు నేను ఆరో తరగతి. మా అయ్య బొగ్గు ముక్క ఇచ్చి "నంబర్లు వెయ్యే" అన్నాడు. నేను గొప్పగా అన్నిటికీ వేశాను. వాసాలకే 46 దాకా వచ్చాయి. ఆ రాత్రి మళ్ళీ వాన పడింది. పొద్దున చూస్తే సగం నంబర్లు లేవు. ఉన్నవాటిలో కూడా 6 ఏదో 9 ఏదో తెలియలేదు, ఎందుకంటే వాసాన్ని తిప్పితే 6 కాస్తా 9 అయిపోతుంది! అందరూ నవ్వారు. నాకు ఏడుపొచ్చింది. తాత నవ్వలేదు. ఒక్కో వాసం చివర గాడిలో వేలు పెట్టి తడిమి, ఇది తూర్పుది, ఇది వంటింటి మీదది అని పక్కకి పెట్టాడు. ఒక్కటి కూడా తప్పలేదు. ఆ కర్రలు కొట్టింది, ఆ గాళ్ళు తీసింది ఆయనే మరి.

డిన్ వాళ్ళకి అలాంటి తాత లేడు. రాకెట్ కట్టి అప్పటికి ముప్పై ఏళ్ళు దాటింది. వీళ్ళు కట్టినవాళ్ళు కాదు. కాబట్టి తాత వేలికి తెలిసినదంతా వీళ్ళు పుస్తకంలోకి ఎక్కించుకోవాలి. కట్టడం కంటే విప్పడమే పెద్ద పని అని నాకు అందుకే అనిపిస్తుంది. చూడండి, కోస్టర్ కింద వరసగా కర్ర చట్రాలు ఉంటాయి, ఒక్కో చట్రం ఒక్కో ఎత్తు. పట్టా ఎక్కుతూ దిగుతూ ఉంటుంది కదా, పక్కపక్క చట్రాలు కూడా ఒక్కలా ఉండవు. చూడ్డానికి మాత్రం అన్నీ ఒకేలాంటి కర్రలే. రెండు తారుమారైతే ఉండకూడని చోట గుంత, ఉండకూడని చోట మిట్ట వస్తుంది. ఇంట్లో వాసం తారుమారైతే పెంకు కాస్త ఎగుడుదిగుడుగా ఉంటుంది, అంతే. ఇక్కడ మనుషులు కూర్చున్న బండి గంటకి 70 కిలోమీటర్ల మీద వస్తుంది.

పట్టా గురించి కూడా చెప్పాలి. కర్ర కోస్టర్‌కి మన రైలు పట్టాల్లాంటి ఇనుప పట్టాలు ఉండవు. ఏడెనిమిది పలకలు ఒకదానిమీద ఒకటి పేర్చి మేకులతో బిగిస్తారు. పైన మాత్రం సన్నటి ఇనుప బద్ద వేస్తారు. చక్రం దానిమీద దొర్లుతుంది. చక్రాలు మూడు రకాలు. పైన దొర్లేవి, పక్కన ఆనేవి, పట్టా కింద పట్టుకునేవి. కింద చక్రాలను జాన్ మిల్లర్ అనే ఆయన 1919 లో పేటెంటు చేశాడు. బండి మిట్ట మీంచి వేగంగా పోతే గాల్లోకి లేవబోతుంది, అప్పుడు కింద చక్రం పట్టుకుంటుంది. బండి లేవదు సరే, అందులో కూర్చున్నవాళ్ళు లేస్తారు! ఒడి మీద అడ్డంగా ఒక కడ్డీ ఉంటుంది, దాని కింద సీటు మీంచి బెత్తెడు పైకి లేస్తారు. దానికోసమే జనం వస్తారట. నాకైతే ఇది అర్థం కాలేదు.

విప్పిన కర్రలన్నీ లారీల్లో కనోబెల్స్‌కి వచ్చాయి. అక్కడ నేల వేరు. పాత చోట ఉన్న నేల ఎత్తుపల్లాలు కొత్త చోట ఉండవు కదా. పైన పట్టా మాత్రం అంగుళం తేడా లేకుండా అదే వంపులో రావాలి. కాబట్టి సర్దుకోవలసింది కింద, కాళ్ళ దగ్గర. సిమెంటు దిమ్మెలు నేలను బట్టి పోసుకోవాలి. పాడైన కర్ర ఉంటే దాని కొలతతోనే కొత్తది కోసుకోవాలి. అందుకే పాడైన కర్రకి కూడా నంబరు కావాలి, పారేసేదే కదా అని వదిలేయకూడదు. మా ఇంటి దగ్గర నేను అలాగే చేశాను. పుచ్చిపోయిన రెండు వాసాలకి నంబరు వెయ్యలేదు. తర్వాత వాటి చోటు కొలవడానికి తాత మళ్ళీ పైకెక్కాల్సి వచ్చింది.

1985 జూన్ 15 న కోస్టర్ మళ్ళీ నడిచింది. అంటే విప్పడం మొదలుపెట్టిన తర్వాత ఆరు నెలలు కూడా పట్టలేదు. పేరు మార్చి ఫీనిక్స్ అని పెట్టారు. ఫీనిక్స్ అంటే గ్రీకుల కథల్లోని పక్షి, కాలి బూడిదై ఆ బూడిదలోంచే మళ్ళీ పుడుతుందంటారు. నాకు ఈ పేరు అంతగా నచ్చలేదు. ఇది బూడిద నుంచి రాలేదు, నంబర్ల నుంచి వచ్చింది. కానీ నంబరు అని పేరు పెడితే ఎవరు ఎక్కుతారు!

ఫీనిక్స్ ఇప్పటికీ నడుస్తోంది. ముందు ఒక చీకటి సొరంగంలోంచి పోయి, తర్వాత గొలుసు ఎక్కుతుంది. బండికి నాలుగు పెట్టెలు, మొత్తం 24 మంది. 2018 లో గోల్డెన్ టికెట్ అవార్డుల్లో ప్రపంచంలోనే మంచి కర్ర కోస్టర్‌గా దీన్ని ఎంచారు. ఎవరూ ఎక్కక ఐదేళ్ళు ఊరికే నిలబడ్డదే ఇది.

మన ఫిజిక్స్ పాఠంలో స్థితిశక్తి గతిశక్తిగా మారుతుంది అని ఉంది కదా, దాన్ని దీనిమీద వేసి చూశాను. మొదటి దిగుడు 72 అడుగులు, అంటే 22 మీటర్లు. ఎంజీహెచ్ ఒక పక్క, సగం ఎంవీ స్క్వేర్ ఒక పక్క పెడితే ఎం కొట్టేస్తుంది. అంటే బండిలో లావువాళ్ళున్నా సన్నవాళ్ళున్నా వేగం ఒకటే. 2 ని 9.8 తో, 22 తో గుణిస్తే 431. దాని వర్గమూలం 20.8. సెకనుకి 20.8 మీటర్లు అంటే గంటకి 75 కిలోమీటర్లు. నిజం వేగం 72 అని రాశారు. ఆ మూడు కిలోమీటర్లు గాలి, చక్రాల రాపిడి తినేశాయి అన్నారు సార్. లెక్క ఇంత దగ్గరగా వస్తుందని నేను అనుకోలేదు, రెండుసార్లు చేసి చూశాను.

ఫీనిక్స్‌ను చూసి మిగతావాళ్ళకి ధైర్యం వచ్చింది. మరుసటి ఏడాది, 1986 లో, మాసచూసెట్స్‌లో 1917 లో కట్టిన జెయింట్ కోస్టర్‌ను కూడా ఇలాగే విప్పి మేరీల్యాండ్‌కి తీసుకుపోయి వైల్డ్ వన్ అని పేరు పెట్టారు. దాని పనిలో కూడా డిన్ ఉన్నాడు. దాని పాత పార్కు 1984 లో మూతపడింది. కొత్త పార్కు కూడా 2025 నవంబరులో మూసేశారు. నూరేళ్ళు దాటిన కోస్టర్‌కి రెండోసారి ఇల్లు పోయింది.

మా ఇల్లు మాత్రం మెరక మీద బాగానే ఉంది. పోయిన సంక్రాంతి సెలవుల్లో పడుకుని పైకి చూస్తే ఒక వాసం మీద నా చేతి 37 ఇంకా కనిపించింది, తలకిందులుగా.

ఇందులో లెక్క తప్పుంటే కింద వదిలిన చోట పెన్సిలుతో రాయండి. గోడ మీద రాయకండి, వార్డెన్ మేడమ్ నన్నే అంటారు. మీ ఇళ్ళల్లో కూడా ఎవరైనా ఇల్లు విప్పి కట్టి ఉంటే, గుర్తులు ఎలా పెట్టుకున్నారో తాతనో అవ్వనో అడిగి వచ్చి నాకు చెప్పండి. 6 కింద గీత పెట్టాలని మాత్రం నేను ఇప్పుడే చెప్తున్నాను.