ఇల్లు లేవాలి, మనిషి పడిపోకూడదు

సీతమ్మధారలో ఏ వీధి మలుపు తిరిగినా ఒక దృశ్యం తప్పక కంటబడుతుంది. నిన్నటి వరకు పాత డాబా ఇల్లు ఉన్న చోట నేడు అయిదంతస్తుల అపార్టుమెంటు లేస్తుంటుంది. సరుగుడు కర్రలతో కట్టిన పరంజాపై, రెండే రెండు పలకల మీద నిలబడి తాపీ మేస్త్రీ గోడకు సిమెంటు పూస్తుంటాడు. కాళ్లకు రబ్బరు చెప్పులు, తలకు తువ్వాలు. లోపల, ఇంకా కటకటాలు బిగించని మెట్ల మీదుగా ఒక స్త్రీ నెత్తిన ఇసుక తట్టతో పైకి ఎక్కుతుంటుంది. మనం తల ఎత్తి చూస్తాం, మన దారిన మనం వెళ్లిపోతాం. ఆ మనిషికీ నేలకూ మధ్య అడ్డంగా ఏముందన్న ప్రశ్న మనకు తట్టదు.

విశాఖపట్నం కొండలకూ సముద్రానికీ మధ్య ఇరుక్కున్న నగరం. ఓడరేవు వచ్చింది, ఉక్కు కర్మాగారం వచ్చింది, జనం పెరిగారు. భూమి మాత్రం పెరగలేదు. అందుకే ఇళ్లు పక్కకు కాక పైకి పెరుగుతున్నాయి. వాటిని కట్టే చేతులు ఎక్కువగా శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి, ఒడిశా వంటి ఇతర రాష్ట్రాల నుంచి వచ్చినవి. ఈ జిల్లాల వారు పొట్ట చేతబట్టుకుని ఎంత దూరమైనా వెళతారు. 2014 జూన్ 28న చెన్నై సమీపంలోని మౌలివాక్కంలో నిర్మాణంలో ఉన్న 11 అంతస్తుల భవనం కూలి 61 మంది మరణించినప్పుడు, మృతుల్లో ఉత్తరాంధ్ర కూలీలు అనేకమంది ఉన్నారు. ఆ వార్త దేశమంతా విన్నది. కాని ఎత్తు నుంచి పడిపోయే మరణాలు అలా రావు. అవి ఒక్కొక్కటిగా, ఒక్కో వీధిలో, ఒక్కో ఇంటి దగ్గర జరుగుతాయి. పత్రికలో నాలుగు పంక్తులు వస్తాయి. ఆ నాలుగు పంక్తుల వెనుక ఒక ఇల్లాలు, చదువు మానేసే పిల్లలు, తీరని అప్పు మిగులుతాయి.

"కాలు జారింది" అంటే సరిపోతుందా?

ప్రమాదం జరిగాక వినబడే మాటలు రెండే. ఒకటి "కాలు జారింది". రెండవది "రాసిపెట్టి ఉంది". మొదటి మాట తప్పును చనిపోయిన వాడి మీదికి నెడుతుంది. రెండవది తప్పు ఎవరిదన్న విచారణనే మూసివేస్తుంది. దైవంపై భరోసా ఉంచడమంటే చేయవలసిన జాగ్రత్త మానివేయడం కాదని పెద్దలు మనకు చెబుతూనే ఉన్నారు. ప్రతి మనిషి కాలూ ఎప్పుడో ఒకప్పుడు జారుతుంది. నేల మీద జారితే మోకాలు గీసుకుంటుంది. కంచె లేని అంచున జారితే ప్రాణం పోతుంది. ఈ రెంటికీ తేడా విధి కాదు, కంచె.

లెక్క వేసి చూద్దాం. ఒక అంతస్తు ఎత్తు, అంటే దాదాపు 3 మీటర్ల నుంచి పడిన మనిషి ముప్పావు సెకను దాటీ దాటకముందే నేలను తాకుతాడు. అప్పటికి అతని వేగం గంటకు దాదాపు 28 కిలోమీటర్లు. అయిదంతస్తుల ఎత్తు, అంటే 15 మీటర్ల నుంచి పడితే ఆ వేగం గంటకు 60 కిలోమీటర్లు దాటుతుంది. ఆ కాస్త వ్యవధిలో దేన్నయినా పట్టుకుని తమాయించుకోవడం మనిషికి సాధ్యమయ్యే పని కాదు. కనుక రక్షణ అనేది పడకముందే అక్కడ ఉండాలి. ఒక్క అంతస్తే కదా అన్న ధీమా కూడా పనికిరాదు. తల ముందుగా నేలను తాకితే నిచ్చెన మీది నుంచి పడినా ప్రాణం పోవచ్చు.

పడేది ఎక్కడ?

ఇళ్ల నిర్మాణంలో ప్రమాద స్థలాలు రహస్యమేమీ కావు. వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. శ్లాబు అంచు, బాల్కనీ అంచు, కటకటాలు లేని మెట్లు, లిఫ్టు కోసం వదిలిన గుంత, పైపుల కోసం శ్లాబులో వదిలిన రంధ్రాలు, పరంజా, నిచ్చెన, పిట్టగోడ కట్టని మేడ. ఇవి గాక పాత సిమెంటు రేకుల కప్పులు. ఆ రేకు చూడడానికి గట్టిగా కనబడుతుంది, అడుగు వేయగానే పుటుక్కున విరిగి మనిషిని లోపలికి జారవిడుస్తుంది.

లిఫ్టు గుంత విషయం ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ప్రతి అంతస్తులోనూ అది నోరు తెరుచుకునే ఉంటుంది. పగలు అందరికీ తెలుసు. సాయంత్రం చీకటి పడ్డాక, దీపం లేని వేళ, అది కూడా ఒక గది గుమ్మంలాగే కనబడుతుంది. అక్కడే కాపురం ఉండే వాచ్‌మన్ పిల్లలు ఆ అంతస్తుల్లోనే ఆడుకుంటారు. శ్లాబు రంధ్రం మీద గోనెసంచో, ప్లైవుడ్ ముక్కో కప్పి వదిలేయడం మరీ ప్రమాదం. కింద ఖాళీ ఉందని తెలియక దాని మీద కాలు వేస్తారు. మూత అన్నది బరువును మోయగలిగేదై, కదలకుండా మేకులతో బిగించినదై ఉండాలి. దాని మీద ఎర్ర రంగుతో గుర్తు వేయాలి.

ముందు కంచె, తర్వాత వల, చివరకు బెల్టు

భద్రత అనగానే మనకు బెల్టు గుర్తుకు వస్తుంది. నిజానికి వరుసలో అది ఆఖరుది. మొదట ఆలోచించవలసింది, ఈ పనిని నేల మీదే చేసుకోగలమా అని. ఇనుప చువ్వల చట్రాన్ని కింద కట్టి పైకి చేర్చగలిగితే పైన గడిపే సమయం తగ్గుతుంది. తప్పనిసరిగా పైన చేయవలసిన పనికి రెండవ మార్గం కంచె. సుమారు మీటరు ఎత్తున ఒక కడ్డీ, దానికి సగం ఎత్తున మరొకటి, పనిముట్లు, ఇటుకలు కిందికి దొర్లకుండా అడుగున ఒక పలక. ఇంతే కంచె. సైటులో మిగిలిపోయే గట్టి చెక్కలు, పైపులు, చువ్వలతోనే దీన్ని కట్టవచ్చు. మనిషి ఒరిగినా ఊగనంత గట్టిగా మాత్రం ఉండాలి. దీని గొప్పదనం ఏమిటంటే, పనివాడు మరిచిపోయినా అది తన పని తాను చేస్తుంది.

మూడవది వల. అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో గోల్డెన్ గేట్ వంతెన కట్టేటప్పుడు 1936లో ఇంజనీరు జోసెఫ్ స్ట్రాస్ పనివారి కింద వల కట్టించారు. ఆ రోజుల్లోనే దానికి లక్షా ముప్పయి వేల డాలర్లు ఖర్చయింది. అందులో పడి 19 మంది బతికి బయటపడ్డారు. కాని 1937 ఫిబ్రవరి 17న బరువైన పరంజా ఒకటి ఊడి పడగా ఆ వల చినిగిపోయి 10 మంది మరణించారు. ఒకే కథలో రెండు పాఠాలున్నాయి. వల మనిషిని కాపాడుతుంది. కాని పరంజా గట్టిగా లేకపోతే వల కూడా చాలదు.

ఇక బెల్టు. నడుముకు కట్టే పట్టీ చాలదు. పడినప్పుడు ఆ కుదుపంతా కడుపు మీద, వెన్ను మీద పడుతుంది. భుజాలనూ తొడలనూ కలిపి పట్టే పూర్తి హార్నెస్ కావాలి. అన్నిటికన్నా ముఖ్యం దాని కొక్కెం తగిలించే చోటు. తాడు 1.8 మీటర్ల పొడవు ఉందనుకుందాం. కొక్కేన్ని పాదాల దగ్గర తగిలించి పడితే, తాడు బిగుసుకునే లోపల మనిషి సుమారు 3.3 మీటర్లు పడతాడు. అంతస్తు ఎత్తే 3 మీటర్లు! అంటే బెల్టు పెట్టుకున్నా నేలను తాకుతాడు. అదే తల పైన తగిలిస్తే పడే దూరం ఒకటిన్నర మీటర్ల లోపే ఉంటుంది. ఆ ఆధారం కూడా బలమైనదై ఉండాలి. అమెరికా నిబంధనల ప్రకారం ఒక్కొక్క మనిషికి 5,000 పౌండ్లు, అనగా సుమారు 2,270 కిలోల బలాన్ని తట్టుకోవాలి. సరుగుడు కర్రకు, కిటికీ చువ్వకు, నీళ్ల పైపుకు తగిలించిన బెల్టు చూసేవారి తృప్తికే తప్ప ప్రాణానికి కాదు. సముద్రపు ఉప్పు గాలి కొక్కేలను, పరంజా క్లాంపులను త్వరగా తుప్పు పట్టిస్తుందని కూడా విశాఖ వాసులు గుర్తుంచుకోవాలి.

చట్టం ఆగిపోయే చోటు

నిర్మాణ కార్మికుల భద్రత కోసం మన దేశంలో 1996లో ప్రత్యేక చట్టం వచ్చింది. పది మంది లేదా అంతకు మించి పనివారున్న చోట్లకే అది వర్తించింది. 10 లక్షల రూపాయలు మించని సొంత ఇంటి నిర్మాణాన్ని మినహాయించింది. 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రతా కోడ్ 2025 నవంబరు 21న అమలులోకి వచ్చి దాని స్థానాన్ని ఆక్రమించింది. సొంత ఇంటికి ఇచ్చే మినహాయింపు అందులో 50 లక్షలకు పెరిగింది. సేఫ్టీ ఆఫీసరును తప్పనిసరిగా నియమించవలసింది 250 మంది, అంతకు మించి పనివారున్న నిర్మాణాల్లోనే. అనగా నలుగురైదుగురు కూలీలతో మనం కట్టుకునే చిన్న ఇంటికి ఏ ఆఫీసరూ రాడు.

ఇళ్ల నిర్మాణం చిన్నది కాబట్టి సడలింపు ఇవ్వాలన్న వాదన ఇతర దేశాల్లోనూ వినిపించింది. అమెరికాలో 6 అడుగులు, ఆపై ఎత్తున పనిచేసేవారికి రక్షణ తప్పనిసరి చేస్తూ 1994లో నిబంధన వచ్చింది. ఆచరణ కష్టమని ఇళ్లు కట్టేవారు మొరపెట్టుకోగా 1995లో వారికి వెసులుబాటు ఇచ్చారు. 2010 డిసెంబరులో దాన్ని ఉపసంహరించుకున్నారు. బ్రిటన్ 2005లో ఎత్తు కొలతనే తీసివేసింది. పడితే గాయపడగల ఎత్తు ఏదైనా ఎత్తేనన్నది అక్కడి సూత్రం. ఇల్లు చిన్నదైనంత మాత్రాన నేల మెత్తబడదు కదా!

చట్టం ఆగిపోయిన చోట ఇంటి యజమాని బాధ్యత మొదలవుతుంది. మేస్త్రీతో మొత్తం పనికి గుత్తగా బేరం కుదుర్చుకునేటప్పుడు పైసా పైసా తగ్గిస్తాం. అలా తగ్గినప్పుడు మొదట ఎగిరిపోయేది పరంజాలో మూడవ పలక, మెట్ల అంచున కడ్డీ. అందుచేత భద్రతా ఖర్చును బేరంలో కలపకుండా విడిగా రాసుకోవాలి, మనమే భరించాలి. కంచె సంగతి ఎత్తితే "ఏటవదు సాయిబుగారూ, ఇరవయ్యేళ్ల నుంచి ఇదే పని సేత్తన్నాం" అంటాడు మేస్త్రీ. అతని అనుభవాన్ని గౌరవిద్దాం. కాని ఇరవై ఏళ్లు పడకపోవడం రేపు పడకపోవడానికి హామీ కాదని మర్యాదగానే చెబుదాం. కంచె కట్టే వరకు పైపని మొదలుపెట్టవద్దని చెప్పే హక్కు డబ్బు ఇచ్చేవారికి ఉంది.

ఎండ, గాలి, రోజా

విశాఖ ఉక్కపోత మనిషిని త్వరగా అలసిపోయేలా చేస్తుంది. ఒంట్లో నీరు తగ్గితే కళ్లు తిరుగుతాయి. నేల మీద కళ్లు తిరిగితే కూర్చుంటాం, పరంజా మీద ఆ వీలు లేదు. రంజాన్ నెలలో రోజా పాటించే పనివారికి ఎత్తు మీది పనిని ఉదయం చల్లని వేళ అప్పగించి, మధ్యాహ్నం కింది పని ఇవ్వడం యజమానులకు కష్టమైన విషయం కాదు. శుక్రవారం జుమా నమాజుకు వెళ్లేవారికి తగిన సమయం ఇస్తే పరుగున వచ్చి ఆదరాబాదరాగా పరంజా ఎక్కే అవసరం ఉండదు. వాన తర్వాత పలకలు జారతాయి. సముద్రపు గాలి కింద ఉన్నదానికన్నా అయిదో అంతస్తులో బలంగా వీస్తుంది. పెద్ద రేకును, ప్లైవుడ్‌ను పట్టుకున్న మనిషిని అది తెరచాపలా నెట్టివేస్తుంది. గాలి పెరిగిన రోజు పైపని ఆపడం నష్టం కాదు.

నిచ్చెన వాడేటప్పుడు నాలుగు అడుగుల ఎత్తుకు ఒక అడుగు చొప్పున గోడ నుంచి దూరంగా పాదం ఉంచాలి. దాని పైకొన ఎక్కవలసిన చోటును మించి మీటరు వరకు ఉండాలి. చేతిలో సామాను పట్టుకుని ఎక్కరాదు, తాడుతో పైకి లాగాలి.

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా ఎవరైనా పడితే, కాళ్లూ చేతులూ పట్టి ఎత్తి ఆటోలో వేయడం మంచిది కాదు. వెన్నెముక విరిగి ఉంటే ఆ కుదుపుకు జీవితాంతం మంచం పట్టవచ్చు. తల, మెడ కదలకుండా చూస్తూ 108కి ఫోన్ చేయాలి. హార్నెస్‌కు వేలాడుతున్న మనిషిని వెంటనే దించాలి. కదలకుండా వేలాడితే రక్తం కాళ్లలో నిలిచిపోయి నిమిషాల్లోనే ప్రాణం మీదికి వస్తుంది.

పది నిమిషాల పని

ఇల్లు కట్టుకోవడం మధ్యతరగతి కుటుంబానికి జీవితకాలపు కల. గృహప్రవేశం నాడు బంధువులను పిలుస్తాం, భోజనాలు పెడతాం, ఇల్లు చల్లగా ఉండాలని దుఆ చేయిస్తాం. ఆ గోడలు లేపిన వారిలో ఒకరి ఇంట దీపం ఆరిపోయి ఉంటే ఆ చల్లదనం ఎక్కడి నుంచి వస్తుంది?

మీ ఇల్లో, మీరు కొనుక్కున్న ఫ్లాటో కడుతున్నట్లయితే ఈ శుక్రవారం నమాజు తర్వాత ఒక్క పది నిమిషాలు అక్కడికి వెళ్లండి. టైల్సు రంగు, తలుపుల నగిషీ తర్వాత చూడవచ్చు. ముందు లిఫ్టు గుంతకు అడ్డు ఉందా, మెట్లకు కడ్డీ ఉందా, శ్లాబు అంచున కంచె ఉందా, పరంజాకు పలకలు నిండుగా ఉన్నాయా చూడండి. లేకపోతే ఆ రోజే కట్టించండి. పొద్దున పనికి వచ్చిన మనిషి సాయంత్రం తన కాళ్ల మీద తాను నడిచి ఇంటికి వెళ్లడం అతనికి మనం చేసే ఉపకారం కాదు. అది అతని కూలిలో భాగం.