ఎంత బరువు, ఎప్పుడు?

జిమ్‌లో బరువు ఎత్తేది నేర్చుకునేవాడే. ఎంత ఎత్తాలి, ఎన్నిసార్లు ఎత్తాలి, ఎప్పుడు పెంచాలి అన్నవి తేల్చేది పర్సనల్ ట్రైనర్. పాత తాలింఖానాల్లో ఈ పని వస్తాదు చూసుకునేవాడు.

మంచి ట్రైనర్ మొదటి రోజే బరువులు చేతికివ్వడు. బీపీ, షుగర్, పాత దెబ్బలు, నడుము నొప్పి, నిద్ర వేళలు అడుగుతాడు. చమురు శుద్ధి, ఎరువుల కర్మాగారాలున్న చెన్నై మనలి లాంటి చోట షిఫ్టు వేళలు తెలుసుకోవడం మరీ ముఖ్యం. రాత్రి డ్యూటీ దిగి, నిద్ర లేకుండా వచ్చినవాళ్లకు ఆ రోజు భారీ స్క్వాట్లు పెట్టకూడదు.

తర్వాత లక్ష్యం. ‘బలం పెరగాలి’ అంటే కొలవడానికి వీలుండదు. ‘ఇప్పుడు 40 కిలోలతో పది స్క్వాట్లు తీస్తున్నాను, అదే పది 50 కిలోలతో తీయాలి’ అంటే కొలవచ్చు. 40 కిలోలు పదిసార్లు ఎత్తగలిగితే, ఒక్కసారికి సుమారు 53 కిలోలు ఎత్తగలరని వాడుకలో ఉన్న ఒక సూత్రం చెబుతుంది. కొత్తవాళ్లతో గరిష్ఠ బరువు ఎత్తించి చూడకుండా ట్రైనర్లు ఈ లెక్కతో సరిపెడతారు.

బరువును మెట్టుమెట్టుగా పెంచే పద్ధతికి వైద్యంలో స్థానం తెచ్చినవాడు అమెరికా సైనిక వైద్యుడు థామస్ డిలోర్మ్. 1940లలో గాయపడిన సైనికులకు ఆయన ఇలాగే సాధన చేయించాడు. అనుకున్నదానికంటే ఒకటి రెండుసార్లు ఎక్కువ ఎత్తగలిగినప్పుడు 2 నుంచి 10 శాతం పెంచడం ఇప్పటి వాడుక. 40 కిలోలకు రెండున్నర కిలోలు కలిపితే చాలు. మొదటి వారాల్లో బలం చకచకా పెరుగుతుంది. కండ ఇంకా పెద్దగా పెరగకపోయినా, ఉన్న కండను పూర్తిగా వాడుకోవడం నరాలు నేర్చుకోవడమే అందుకు ప్రధాన కారణం. ఆ తర్వాత వేగం తగ్గుతుంది. చాలామంది విసిగి మానేసేదీ, ట్రైనర్ అవసరం ఎక్కువయ్యేదీ అప్పుడే.

శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలసలో నీలంశెట్టి అప్పన్న దగ్గర బరువులెత్తడం నేర్చుకున్న కరణం మల్లీశ్వరి, 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో 110, 130 కలిపి 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచింది. మొదటి రెండు స్థానాల వాళ్లు ఎత్తింది 242.5. స్వర్ణం కోసం చివరి ప్రయత్నంలో 137.5 కిలోలు ఎంచుకున్నా, ఆ బరువు నిలవలేదు. పోటీలో ఏడున్నర కిలోలు ఒక్కసారిగా దూకడానికి పతకం కారణం. జిమ్‌లో అలాంటి తొందర ఎవరికీ ఉండదు.

విశ్రాంతి, తిండి కూడా సాధనలో భాగాలే. గట్టిగా శ్రమించిన కండకు సుమారు రెండు రోజుల విరామం కావాలి. మామూలు పెద్దవాళ్లకు శరీర బరువు కిలోకు 0.83 గ్రాముల ప్రోటీన్ చాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క. బరువులెత్తేవాళ్లకు అంతకంటే ఎక్కువే కావాలి. పప్పు, గుడ్డు, పెరుగు, చేప ఆ లోటు తీరుస్తాయి. మర్నాడు కండలు పట్టేయడం మామూలే. ఎత్తుతుండగా కీలులో పొడిచినట్టయితే మాత్రం వెంటనే ఆపాలి. ఇంజెక్షన్లు, స్టెరాయిడ్లు సూచించే ట్రైనర్‌ను వదిలేయాలి.

ఎంపికకు సర్టిఫికెట్ ఒక గుర్తు. ప్రతి సెట్‌నూ పుస్తకంలో రాయడం, భంగిమ తప్పితే బరువు తగ్గించడం అంతకంటే నమ్మదగిన గుర్తులు. కొన్ని నెలలకు ఆ పుస్తకం చూసి రేపటి బరువు తనే నిర్ణయించుకోగలిగినవాళ్లకు ట్రైనర్ రోజూ అక్కర్లేదు. నెలకోసారి భంగిమ చూపించుకుంటే సరిపోతుంది.