ముసలి ఎద్దుకు గడ్డ లేస్తే వాత పెట్టొద్దు

(తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల నుంచి మా విలేఖరి)

ట్రాక్టర్లు వచ్చాక ఈ ప్రాంతపు మాగాణి గ్రామాల్లో అరక కట్టే ఎద్దులు అరుదైపోయాయి. మిగిలిన కొద్దిపాటి జతల్లో వయసు మళ్ళినవే ఎక్కువ. గడ్డి తోలుకోవడానికి ఉంచుకున్నవి కొన్ని. చాకిరీ చేసిన పశువును అమ్మబుద్ధికాక చావిట్లో కట్టేసుకున్నవి మరికొన్ని. అలాంటి ఎద్దుకు ఒకరోజు మెడమీదో, కొమ్ము మొదట్లోనో, దవడ కిందో గడ్డ కనిపిస్తుంది. వాత పెట్టిస్తే అణుగుతుందని ఇరుగుపొరుగు అంటారు. ఇంకా ధర పలికేటప్పుడే బేరగాడికి కబురు చేయమని కొడుకులు అంటారు. ఆ గడ్డ ఏమిటో ముందు తెలుసుకుందామనే మాట ఆలస్యంగా వస్తుంది. ఒక్కోసారి రానే రాదు.

గడ్డలన్నీ ఒకటి కావు. చీము పట్టినది ఉంటుంది, నీరు నిండిన తిత్తి ఉంటుంది, దెబ్బతగిలి లోపల నెత్తురు గూడుకట్టినది ఉంటుంది, కండలా పెరిగే కణితి ఉంటుంది. పొట్ట కింద, బొడ్డు దగ్గర లేచింది అసలు గడ్డే కాకపోవచ్చు. కండ చిట్లి పేగు చర్మం కిందకు జారి ఉండొచ్చు. దాన్ని చీముగడ్డ అనుకుని కత్తి పెడితే పేగు తెగి పశువు చనిపోతుంది. నెత్తురు గడ్డను దెబ్బ తగిలిన రోజే కోస్తే రక్తం ఆగదు. అందుకే పశువైద్యులు మొదట సన్నని సూది గుచ్చి లోపల ఏముందో చూస్తారు. చీము వస్తే ఒక వైద్యం, నీరు వస్తే ఒకటి, నెత్తురు వస్తే మరొకటి. ఏమీ రాకుండా గట్టిగా ఉంటే చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు. పని అయిదు నిమిషాలది. ఈ అయిదు నిమిషాలకు ముందే మనవాళ్ళు ఎర్రగా కాల్చిన ఇనుము తెస్తారు, లేదా నల్లజీడి రసం పూస్తారు. పైన చర్మం కాలి పొక్కులు లేచి కొత్త పుండు పడుతుంది. లోపలి గడ్డ లోపలే ఉంటుంది.

కాడి కిందా, కొమ్ము లోపలా

ఎద్దుకు ఎక్కువగా లేచేది కాడి గడ్డ. కాడి గరుకుగా ఉన్నా, జతలో ఒక ఎద్దు పొట్టి, ఒకటి పొడుగు అయినా, బరువంతా మెడ మీద ఒకేచోట పడుతుంది. మొదట వేడిగా, మెత్తగా వాస్తుంది. అప్పుడే కాడి దించి విశ్రాంతి ఇస్తే చాలావరకు తగ్గిపోతుంది. తొలి రెండు రోజులు చన్నీటి గుడ్డ, ఆ తర్వాత గోరువెచ్చని కాపడం పెట్టాలి. మందుల షాపులో దొరికే ఎప్సం సాల్టును గ్లిజరిన్‌లో కలిపి పట్టు వేయమని డాక్టర్లు చెబుతారు. ఇంతవరకూ ఎవరైనా చేయగలిగిన పనే. ఇబ్బంది ఎక్కడంటే, గడ్డితోలే రోజుల్లో ఎద్దును పది రోజులు కట్టేయడానికి మనసొప్పదు. వాపు మీదే మళ్ళీ కాడి వేస్తారు. అలా నాలుగైదుసార్లు జరిగితే గడ్డ రాయిలా గట్టిపడుతుంది. ఇక మందుకు లొంగదు, కోసి తీయవలసిందే.

కొమ్ములో వచ్చే క్యాన్సరు ఇంతకంటే ప్రమాదకరం. ఇది మనదేశపు ఎద్దులకు బాగా తెలిసిన జబ్బు. గుజరాత్ వైపు పెద్ద కొమ్ముల కాంక్రేజీ జాతిలో ఎక్కువ. ఆవుల్లో, ఆబోతుల్లో తక్కువ, గేదెల్లో అరుదు. వృషణాలు నొక్కించిన ఎద్దుల్లోనే ఎందుకు ఎక్కువన్నది ఇంకా పూర్తిగా తేలలేదు. కొమ్ములు చెక్కడం, రంగులు పూయడం, తాడు ఒరుసుకోవడం కూడా కారణాలు కావచ్చని పశువైద్య గ్రంథాలు అనుమానిస్తాయి. మన ఒంగోలు జాతివి పొట్టి కొమ్ములు. అయినా జబ్బు రాదనే భరోసా లేదు.

మొదట గడ్డ కనపడదు. ఎద్దు ఊరికే తల విదిలిస్తుంది. ఒక కొమ్మును గుంజకు రుద్దుకుంటుంది. అదే వైపు ముక్కులోంచి నెత్తురో, చిక్కని జిగురో కారుతుంది. కాలువలో నీళ్ళు తాగిన పశువు కదా, ముక్కులో జలగ పట్టిందని ఉప్పునీళ్ళు పోస్తారు. వేలితో రెండు కొమ్ముల మీదా తట్టి చూస్తే జబ్బుపడ్డ కొమ్ము మొద్దుగా మోగుతుంది. కొన్నాళ్ళకు కొమ్ము వదులై పక్కకు ఒరుగుతుంది. చివరకు ఊడి పడితే లోపల కాలీఫ్లవర్ పువ్వులాంటి కండ కనపడుతుంది. అప్పటికి బాగా ఆలస్యమైనట్లే.

తొలిదశలో అయితే నరానికి మత్తు ఇచ్చి కొమ్మును మొదలంటా కోసి, చర్మం దగ్గరకు లాగి కుట్లు వేస్తారు. వయసు ముదిరిన పశువు కొమ్ము లోపల బోలుగా ఉండి నుదుటి ఎముకలోని గదితో కలిసి ఉంటుంది. కనుక ఆ గాయంలోకి వాన నీరు, గడ్డి నలుసు, ఈగ వెళ్ళకుండా చూడటం యజమాని పని. కోసిన తర్వాత కొందరు డాక్టర్లు విన్‌క్రిస్టిన్ అనే మందు నరానికి ఎక్కిస్తారు. మనుషుల రక్త క్యాన్సరుకు వాడేది ఇదే. మన దొడ్లలో, శ్మశానాల పక్కన పూసే బిళ్ళగన్నేరు మొక్కనుంచి 1960ల తొలినాళ్ళలో దీన్ని వేరుచేశారు. ఇది విని ఎవరూ బిళ్ళగన్నేరు ఆకు నూరి ఎద్దుకు తాగించవద్దు. ఆ ఆకు విషం. మందుగా శుద్ధి చేసి, తూకం కట్టి ఇస్తేనే పనికొస్తుంది.

రేపల్లె వైపు ఒక గ్రామంలో వృద్ధ దంపతులకు ఇలాంటి ఎద్దే ఉంది. జతలోది ముందే పోయింది. దీని కొమ్ము ఒరగడం మొదలయ్యాక బేరగాడు రెండుసార్లు గుమ్మంలోకి వచ్చాడు. కోసినా మళ్ళీ పెరగదని చెప్పలేనని డాక్టరు దాచకుండానే చెప్పాడు. పెద్దాయన ఊగిసలాడాడు. ఆమె మాత్రం, "వాడు తెచ్చిన ధాన్యంతోనే పిల్ల పెళ్ళి చేశాం. ఇప్పుడు తాడు వాళ్ళ చేతికిస్తే ఆ అన్నం నాకు దిగుతుందా" అన్నది. కోయించారు. నెలన్నరపాటు పొద్దునా సాయంత్రం గాయం తుడిచింది ఆమే. ఎద్దు ఇప్పుడు ఒంటికొమ్ముతో చావిట్లో నెమరు వేస్తున్నది. కాడి ఎత్తదు. వాళ్ళూ అడగరు.

అందరికీ ఇది సాధ్యం కాదు. బీద రైతుకు పని చేయని పశువును మేపడమే భారం. అమ్మినవారిని తప్పుపట్టడం ఈ విలేఖరి ఉద్దేశం కాదు. అయితే 1977 నాటి రాష్ట్ర చట్టం ప్రకారం అధికారి ధ్రువపత్రం లేకుండా ఎద్దును వధించడం నేరమన్న సంగతి బేరగాడు చెప్పడు.

గడ్డ అనుకునేవి, గడ్డ కానివి

లంక గ్రామాల్లో, కాలువ గట్ల వెంట మేసే ముసలి గేదెలకు దవడ కింద నీళ్ళ సంచిలా వేలాడుతుంది. బొటనవేలితో నొక్కితే గుంట పడుతుంది. ఇది కణితి కాదు. కార్జంలో జలగలు చేరి రక్తం తగ్గిపోయినందువల్ల దిగిన నీరు. నత్తలున్న నీటి పక్క గడ్డి ద్వారా ఈ జలగ పిల్లలు కడుపులోకి వెళతాయి. సరైన మందు తాగిస్తే వాపు తీస్తుంది. దాన్ని కోసినవారూ ఉన్నారు!

వానాకాలంలో గొంతు వేడిగా వాచి, జ్వరంతో గురక పెడుతుంటే అది గొంతువాపు జబ్బు. తెల్లవారేదాకా ఆగితే పశువు దక్కదు. ఒంటినిండా చిన్నచిన్న గడ్డలు ఒక్కసారే లేచి జ్వరం వస్తే ముద్దచర్మ వ్యాధి అయి ఉండొచ్చు. అది 2019లో ఒడిశాలో మనదేశంలో మొదటిసారి కనిపించి, 2022లో అనేక రాష్ట్రాల పశువులను దెబ్బతీసింది. ఆ పశువును వేరుగా కట్టేయాలి.

నొప్పి సూది మాట

ఒక ముఖ్య విషయం. గడ్డ నొప్పికి కొందరు మనుషుల డైక్లోఫెనాక్ సూదిని ఎద్దుకు వేయిస్తున్నారు. పశువులకు దీన్ని 2006లోనే నిషేధించారు. ఈ మందు పడిన పశువు చచ్చి, కళేబరాన్ని తిన్న రాబందుల మూత్రపిండాలు చెడి చనిపోయాయి. ఊరి బయట గుంపులుగా వాలే రాబందులు ఇప్పుడు కనపడకపోవడానికి అదే పెద్ద కారణం. బదులుగా వాడే మెలాక్సికామ్ పశువుల ఆస్పత్రిలో అడగవచ్చు.

ముసలి పశువుకు మందు ఎంతో మేత అంత. పళ్ళు అరిగి వరిగడ్డి నమలలేక సగం ఉండలు కింద పడేస్తుంది. గడ్డిని చిన్నగా నరికి, నీళ్ళు చల్లి నానబెట్టి వేయాలి. పిల్లిపెసర దొరికే రోజుల్లో కొంచెం కలిపితే ఇష్టంగా తింటుంది. తవుడు, తెలగపిండి కుడితిలో కలిపి రెండుపూటలా ఇవ్వాలి. పాపం ముసలిదని పెళ్ళిళ్ళలో మిగిలిన అన్నం గంపలతో పెట్టవద్దు. పొట్టలో పులిసి ప్రాణం మీదకు వస్తుంది. మెడ పుండున్న ఎద్దుకు నీళ్ళ తొట్టి ఎత్తు మీద ఉంచాలి. పడుకునే చోట రాయి ఉంటే మోకాళ్ళకు కొత్త గడ్డలు లేస్తాయి. గడ్డి పరవాలి. గాయం చుట్టూ వేపనూనె రాస్తే ఈగ వాలదు. పురుగు పడితే మాత్రం ఇంటి వైద్యం మాని డాక్టరును పిలవాలి.

డాక్టరు చూసి ప్రస్తుతానికి కోయనక్కరలేదంటే, గడ్డ చుట్టూ దారం చుట్టి ముడివేసి, ఆ దారాన్ని కేలండరుకు కట్టి ఉంచండి. వారానికోసారి కొత్త దారంతో కొలవండి. పెరిగిందో లేదో కంటికంటే దారం బాగా చెబుతుంది. పెరిగినా, చిట్లినా, పశువు మేత మానినా మళ్ళీ చూపించాలి. ఏ వైద్యానికీ లొంగని దశలో, లేవలేక బాధపడే పశువును నొప్పి లేకుండా సాగనంపే పద్ధతి కూడా డాక్టరు చేతిలో ఉంటుంది. ఆ మాట అడగడం పాపమని అనుకోనవసరం లేదు.

2022 ఏప్రిల్‌లో బాపట్ల జిల్లా ఏర్పడ్డాక రేపల్లె అటు చేరింది, తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉండిపోయింది. పశువుకు ఈ సరిహద్దుతో పనిలేదు. దగ్గరలోని ప్రభుత్వ పశువుల ఆస్పత్రికి తీసుకువెళ్ళవచ్చు. పెద్ద ఆపరేషను అవసరమైతే గన్నవరం పశువైద్య కళాశాల ఆస్పత్రికి పంపుతారు. నడవలేని పశువుకు 1962 నంబరుకు ఫోను చేసి సంచార వైద్య వాహనాన్ని పిలవవచ్చు. ఫోనులో పశువు వయసు, గడ్డ ఎక్కడ, ఎన్నాళ్ళనుంచి, మేత తింటున్నదా లేదా అన్నవి చెప్పాలి. ఆపరేషనుకు తీసుకువెళ్ళే పశువుకు ముందురోజు మేత ఎప్పుడు ఆపాలో అడిగి తెలుసుకోవాలి. ఆటో ట్రక్కు ఎక్కించేటప్పుడు అడుగున ఇసుక పోసి పైన గడ్డి పరచండి. ముసలి కాళ్ళు రేకు మీద నిలవవు.